చివరి వాలుగీతకి ఇవతల

సొహార్‌లో రాత్రి పదకొండు దాటినా
గాలి తడిగుడ్డలా మొహానికి అంటుకుంటుంది.
పోర్టు వైపు నుంచి కాలిన గంధకం వాసన.
ఆఫీసు కంటైనర్లో నేను, కారుతున్న ఏసీ,
దాని కింద పెట్టిన పెయింటు డబ్బా.

ముదీర్ ఫోన్లో చెప్పింది ఒక్క ముక్క:
"మనుషులు అక్కర్లేదు. గదుల లిస్టు కావాలి, పొద్దున్నకల్లా."

నా దగ్గరున్నవి మనుషుల దారులు,
పందొమ్మిది వందల పన్నెండు.
క్యాంపు/బి-బ్లాకు/పద్నాలుగు/దుంపల నూకరాజు
క్యాంపు/బి-బ్లాకు/పద్నాలుగు/బోనెల సింహాద్రి
ఫొటోల్లో ఇద్దరిదీ ఒకటే కోటు,
టెక్కలి స్టూడియోవాడు తొడిగి తీసేది.

నల్లటి తెర మీద డిర్‌నేమ్ అని కొట్టాను.
అది చివరి వాలుగీత దాకా నడుస్తుంది,
కుడివైపున్నది తెంపుతుంది,
ఎడమవైపున్నది చేతిలో పెడుతుంది.
మునగాకు దూసినట్టే.
ఆకు రాలిపోయి, ఈనె మిగులుతుంది.

నూకరాజు పోయాడు. పద్నాలుగు మిగిలింది.
సింహాద్రి పోయాడు. పద్నాలుగు మిగిలింది.
పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు...
వరసలో పెట్టి, ఒకేలాంటివి ఒకటి చెయ్యమన్నాను.
ఎనిమిది గురకలు, ఎనిమిది టిఫిన్ డబ్బాలు,
ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్న పాత తగాదా
ఒక్క లైనయ్యాయి.

మొదట తప్పు చేశాను, ఒప్పుకోవాలి.
కొటేషన్ గుర్తులు పెట్టలేదు.
పేరు మధ్య ఖాళీ దగ్గర యంత్రం
మనిషిని రెండు ముక్కలు చేసి
దుంపలకి గదిచ్చింది,
నూకరాజుకి ఒక చుక్క పెట్టింది.

అప్పుడు తట్టింది, మా పేర్లే దారులు కదా అని.
ఇంటిపేరు ముందు, మనిషి తర్వాత.
ఎవరింటివాడో చెప్పాకే ఎవడో చెబుతాం.
ఇక్కడి కౌంటర్లో దాన్ని తిరగేస్తారు.
బతాకా మీద అతను నూకరాజు దుంపల.
ఆ దారికి డిర్‌నేమ్ కొడితే
మనిషి ఒంటరిగా మిగులుతాడు,
తెగి పడేది ఇల్లు.

కొటేషన్లు పెట్టాక అందరూ సరిగ్గా తెగారు.
రెండు వందల నలభై గదులు.
వరసలో అన్నిటికన్నా పైన మాత్రం
మళ్లీ ఒట్టి చుక్క.
ఈసారి తప్పు నాది కాదు.

సవర జిన్నయ్య.
ఫైలు ఏ ఫోల్డర్లోనూ లేదు, బయట పడి ఉంది.
ఒక్క వాలుగీత కూడా లేని పేరు.
అలాంటి పేరుకి డిర్‌నేమ్ దగ్గరున్న జవాబు అదొక్కటే.
చుక్కంటే 'ఇక్కడే' అని.
ఇక్కడే అంటే ఎక్కడ?

టార్చి తీసుకుని వెళ్లాను.
వాచ్‌మన్ గుల్‌జమాన్ నోరు విప్పలేదు, వేలు పైకి చూపించాడు.
బి-బ్లాకు కప్పు మీద, నీళ్ల ట్యాంకు పక్కన
ఏసీ వచ్చిన అట్టపెట్టె విప్పి పరుచుకుని
పడుకుని ఉన్నాడు జిన్నయ్య.
నాలుగు నెలల కింద గది మారుస్తామని దింపారట.
ఎక్కించడం మరిచారు.
లేచి కూర్చుని మెడ తుడుచుకున్నాడు.
"ఇక్కడ గాలేస్తాది బావూ. కాగితంలో రాయకండి."

దిగొచ్చి చాలాసేపు కూర్చున్నాను.
చెరపడానికి ఒక్క నొక్కు చాలు.
చెరిపితే, లెక్కలో లేనివాడికి
రేపు పరంజా మీంచి పడినా పడినట్టుండదు.
ఉంచితే, పద్నాలుగులోకి తొమ్మిదో మంచం.
ఫజర్ అజాన్ అయింది. పెయింటు డబ్బా నిండింది.
పారబోసి వచ్చి ప్రింటు కొట్టాను.

ముదీర్ కాగితం అటూ ఇటూ తిప్పాడు.
"పైన ఈ చుక్కేంటి?"
"ప్రింటర్ మరక సార్" అన్నాను.
బొటనవేలు తడి చేసుకుని రుద్దాడు.
పోలేదు.